మంత్రసాని చక్రం

హికరీ హాలో, కెంటకీ
మార్చి నెల

ప్రియమైన లొవీనాకు,

ప్రభువు దయవల్ల ఇక్కడ ఇద్దరం కులాసా. మీ ఆయన అట్లీకి నడుము నొప్పి తగ్గిందా? గుమ్మడికాయలంత మోటార్లు ఒక్కడే ఎత్తుతుంటే నడుము మాత్రం ఏం చేస్తుంది? సైకిళ్ల దుకాణం పని నీ మీదే ఎక్కువ పడుతోందని మీ అక్క రాసింది.

నేరుగా విషయానికి వస్తాను, నవ్వకు. నాకొక కరెంటు సైకిలు కావాలి. మోటారు బళ్లు ముట్టని మా సంఘంలో పెడలు సైకిలే మొన్నటిదాకా నిషేధమని నీకు తెలుసు. ఈ చలికాలం రెండు కొండల మీద ఇద్దరికి ఒకే రోజు నొప్పులొచ్చాయి. మొదటి ఇంట్లో బిడ్డను ఒడిలో పెట్టి రెండో ఇంటికి బయలుదేరితే, దారిలో మంచు మీద మా గుర్రం బెస్ జారి మోకాళ్ల మీద కూలబడింది. నేను చేరేసరికి ఆ తల్లి ఒళ్లు చల్లబడుతోంది. బతికింది గానీ, నేను వెళ్లడం ఇంకొంచెం ఆలస్యమైతే బతికేది కాదు. ఆమె బిషప్ ఎనోస్ కోడలు.

వారం తిరక్కుండా బిషప్ మా గుమ్మంలోకి వచ్చాడు. "మోటారు మోటారే, సలోమా. అది నాకిష్టం లేదు. కానీ బిడ్డలు మన బగ్గీ కోసం ఆగరు కదా. నువ్వొక్కదానివే వాడు. ఆకులు రాలేదాకా చూద్దాం" అన్నాడు. ఆ తర్వాత మా కట్టుబాట్ల కూటం ఉంటుంది. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచుకునే ముందు సంఘమంతా ఒక్క మాట మీదికి రావాలి. ఒక్కరు కాదన్నా సైకిలు పోతుంది, నేను మళ్లీ బెస్ వెనక కూర్చుంటాను.

మా ఆయన మేలన్ సంగతి నీకు తెలుసు కదా. ఇన్నేళ్లుగా బగ్గీ చక్రాలు కట్టే మనిషి ఇంట్లోకి వేరే చేతి చక్రం వస్తుందంటే మూతి ముడుచుకున్నాడు. తర్వాత తనే అన్నాడు, "ఎలాగూ తెప్పిస్తున్నావు గనక లొవీనా కట్టిందే తెప్పించు." ఆ మాట ఆయన నోట రావడం ఎంత గొప్పో నీకు చెప్పనక్కర్లేదు.

నీ
సలోమా


మేపుల్ రిడ్జ్, హోమ్స్ కౌంటీ, ఒహాయో
ఏప్రిల్ నెల

ఒసేయ్ సలోమా,

నవ్వొద్దంటే నవ్వు ఆగుతుందా? బడికి నడిచి వెళ్లేటప్పుడు నా సైకిలు వెనక ఎక్కమంటే "పడిపోతానే, పడిపోతానే" అని ఊరంతా వినబడేలా అరిచినదానివి. ఇప్పుడు మోటారు ఎక్కుతావా! అరిచినా వినడానికి నేనక్కడ లేనని ధైర్యం కాబోలు.

సైకిలు వ్యాను డ్రైవరుతో పంపుతున్నాను. చక్రాలు రెండూ నేనే కట్టాను. ముందుది మామూలు చక్రం, దాంతో పెద్ద పేచీ ఉండదు. వెనకదాన్ని మాత్రం కళ్లలో పెట్టుకుని చూసుకో. దాని నడుమ మోటారు ఉంది. బయలుదేరిన ప్రతిసారీ మోటారు స్పోకులను ఒక్క గుంజు గుంజుతుంది. పైగా నీ మందుల సంచి, మీ గులకరాళ్ల దారులు, నువ్వు. (నువ్వు ఇదివరకటిలాగే ఉంటే ఫరవాలేదు. అట్లీ మాత్రం రిమ్ము కాస్త గట్టిదే వెయ్యమన్నాడు, తిట్టాలనుకుంటే ఆయన్ని తిట్టు.)

వారానికోసారి ఇలా చెయ్యి. చక్రం పైకెత్తి తిప్పు, బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య సందు చూడు. ఆ సందు ఒకచోట పెరిగి ఒకచోట తగ్గుతుంటే చక్రం బెండు పడుతోందన్నమాట. తర్వాత స్పోకులను రెండేసి చొప్పున చేత్తో నొక్కు. ఏదైనా మెత్తగా ఉంటే చేతికే తెలుస్తుంది. ఆఖరున ఒక్కోదాన్నీ గోరుతో మీటి విను. ఒకే పక్కవన్నీ ఇంచుమించు ఒకే స్వరం పలకాలి. బొంగురుగా పలికితే వదులు, కీచుమంటే బిగువెక్కువ. ఇరుసు నట్లు కదలకుండా ఉన్నాయా చూడు. స్పోకు ఒక్కటి తెగినా ఎక్కకు, పక్కవాటి మీద భారం పడి అవీ పోతాయి.

కొత్త చక్రం మొదటి వారాల్లో కాస్త కుదురుకుంటుంది. అప్పుడు కొద్దిగా వదులవుతుంది. స్పోకు కీ పంపాను. వదులైనవాటిని పావు తిప్పు తిప్పితే చాలు. ఒక్కసారి కుదురుకున్నాక ఊరికే తిప్పకూడదు.

స్పోకులు మీటుతుంటే మీ బిషప్ వచ్చి, వాయిద్యం వాయిస్తున్నావని సంఘంలోంచి వెలి వేస్తాడేమో. అప్పుడు ఒహాయో వచ్చెయ్యి, నా దుకాణంలో పనిస్తాను.

నీ
లొవీనా


హికరీ హాలో
జూన్ నెల

లొవీనాకు,

నేను అరవలేదు. ఒక్కసారి మాత్రం అరిచాను, అదీ కొండ దిగేటప్పుడు.

ఇప్పటికి ఏ ఇంటికీ ఆలస్యంగా వెళ్లలేదు. చివరి కొండ ఎక్కుతుంటే మోటారు చిన్నగా మూలుగుతుంది, నా ఊపిరి నా దగ్గరే ఉంటుంది. ఇదివరకు బగ్గీ దిగేసరికి చేతులు కొంకర్లు పోయి ఉండేవి, వేడినీళ్లలో పెట్టుకుంటేనే వేళ్లు వంగేవి. ఇప్పుడు దిగగానే పని మొదలుపెడుతున్నాను. బయటి లోకం తెచ్చిపెట్టిన వస్తువు మీద ఇంత ఇష్టం పెంచుకోవచ్చా అని రాత్రి ప్రార్థనలో అడుగుతున్నాను. జవాబు రాలేదు, వద్దని కూడా రాలేదు.

చక్రం గురించి నువ్వు చెప్పిన పనులేవీ నేను చెయ్యడం లేదు. మేలన్ చేస్తున్నాడు. ఆరాధనైన తర్వాత బిషప్ మగవాళ్లందరి ముందూ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "మన మంత్రసాని చక్రం నీ చేతిలో పెడుతున్నాను, మేలన్" అన్నాడట. ఇంటికొచ్చి నాకా మాట రెండుసార్లు చెప్పాడు. ఏ మాటా రెండోసారి చెప్పే మనిషి కాదని నీకు తెలుసు.

ప్రతి శనివారం చక్రం తన పనిబల్ల మీదికెక్కుతుంది. నేను పిలిచినా పలకడు. పనిలో పడితే ఎప్పుడూ అంతే. అయ్యాక నన్ను పిలిచి, "నొక్కి చూడు" అంటాడు. నొక్కితే ఒక్క స్పోకు కూడా కదలదు. రాయిలా ఉంటుంది. బగ్గీ చక్రం అలా ఉందంటే మనవడి కాలం దాకా ఉంటుందంటాడు. మాకు మనవలు లేరనుకో. ఉన్నవాళ్లకు చెప్పే మాటే మాకూ చెప్పాడు.

బెస్ పచ్చిక మేస్తూ లావెక్కింది.

నీ
సలోమా


మేపుల్ రిడ్జ్, ఒహాయో
జూలై నెల

సలోమా,

ఈసారి వేళాకోళం లేదు. ఈ ఉత్తరం మేలన్‌కు చదివి వినిపించు.

చక్రం రాయిలా ఉండకూడదు. మేలన్ చేతిపని మీద నాకెంత గౌరవమో నీకు తెలుసు. ఆయన కట్టిన బగ్గీ చక్రాలు మా తాలూకాలోనూ తిరుగుతున్నాయి. కానీ ఇది వేరే జాతి చక్రం. బగ్గీ చక్రంలో కర్ర ఆకు, అదే కర్ర స్పోకు, బరువును కింద నిలబడి మోస్తుంది. అందుకని అక్కడ ఎంత బిగిస్తే అంత మంచిది. ఇనుప పట్టా ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్లు పోసి బిగుసుకోనిస్తారు కదా. సైకిలు స్పోకు సన్నటి తీగ. దానికి నిలబడి మొయ్యడం చేతకాదు, లాగి పట్టుకోవడమే చేతనవుతుంది. అన్నీ కలిసి రిమ్మును సమానంగా లోపలికి లాగుతుంటేనే చక్రం గుండ్రంగా ఉంటుంది. ఒక హద్దు దాటి బిగిస్తే రిమ్ము ఆ లాగుడు తట్టుకోలేదు. స్పోకు చివర దిగిన రంధ్రాల చుట్టూ చీలుతుంది. స్పోకు తెగితే టప్పుమని చప్పుడైనా వస్తుంది. రిమ్ము చీలితే చప్పుడుండదు.

వెంటనే చెయ్యి. బురద తుడిచి, వెనక రిమ్ము మీద ప్రతి రంధ్రం దగ్గరా వెంట్రుకంత గీత ఉందేమో వెలుతురులో చూడు. ఉంటే ఆ సైకిలు ఎక్కకు. మీటితే స్వరం ఎలా ఉందో నాకు రాయి. కీచుమంటే అన్నిటినీ కొద్దికొద్దిగా వదులు చెయ్యమను. అదీ కుదరకపోతే చక్రం విప్పి వ్యానుకిచ్చి నా దగ్గరకు పంపెయ్యండి.

ఆయన చెవిలో పడేట్టు చెప్పు.

లొవీనా


హికరీ హాలో
ఆగస్టు నెల

లొవీనాకు,

నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన తల ఊపాడు.

ఈ నెల బిడ్డల మీద బిడ్డలు. నిద్రే లేదు, రిమ్ము తుడిచి చూసే తీరిక ఎక్కడిది? చూస్తాను. చక్రం బాగానే తిరుగుతోంది, నువ్వు దిగులు పెట్టుకోకు.

నువ్వు దూరాన ఉన్నావు గనక ఒక మాట చెబుతాను. ఈ ఏడాది మేలన్‌కు పని తగ్గింది. కుర్రాళ్లు ఫ్యాక్టరీ చక్రాలు తెచ్చుకుంటున్నారు. నిరుడు చలికాలమంతా ఆయన పనిబల్ల దగ్గర కూర్చుని రంపాలకు పదును పెట్టాడు, కొయ్యడానికి ఏమీ లేకపోయినా. ఇప్పుడు శనివారం వస్తే ఆయన మొహంలో కళ ఉంటుంది. ఆరాధన దగ్గర మగవాళ్లు "మంత్రసాని చక్రం ఎలా ఉంది?" అని అడుగుతారు. "నా పూచీ" అంటాడు.

టమాటాలు బాగా కాశాయి. సీసాలు చాలక పక్కింట్లో అడిగి తెచ్చాను.

నీ
సలోమా


హికరీ హాలో
సెప్టెంబరు నెల

లొవీనాకు మేలన్ రాయునది.

సలోమా కుడి మణికట్టు విరిగింది. పట్నం డాక్టరు పిండికట్టు వేశాడు. అందుకని నేను రాస్తున్నాను. నాకు ఉత్తరాలు రాయడం అలవాటు లేదు.

పోయిన మంగళవారం మధ్యాహ్నం లీవై వాళ్ల ఇంటి నుంచి కబురొచ్చింది. లీవైకి, ఆడాకి పెళ్లై ఏడాది దాటింది. ఇది మొదటి కాన్పు. సలోమా సైకిలు మీద బయలుదేరింది. వాగు దాటాక రాళ్ల దారిలో వెనక చక్రం ఒక్కసారిగా మడతపడిపోయింది. తను పడింది. అక్కడి నుంచి ఆ చెయ్యి పట్టుకుని నడిచి వెళ్లింది. లీవై ఇల్లు కొండ మీద.

బిడ్డ కాళ్ల వైపు నుంచి వచ్చాడు. లీవై తల్లి ఒక్కర్తే ఉంది, ఆమెకు ఏం చెయ్యాలో తెలియలేదు. సలోమా చేరాక ఒక చేత్తో తను, తను చెప్పినట్టు లీవై తల్లి, చెయ్యగలిగింది చేశారు. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. మగబిడ్డ.

బిడ్డ శవపెట్టె నేనే చేశాను. అడిగారు గనక చేశాను.

అందరూ ప్రభువు చిత్తం అంటున్నారు. బిషప్ కూడా సమాధి దగ్గర అదే అన్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "ఆ వస్తువును మన మధ్యకు రానివ్వడం నా తప్పేమో, మేలన్. కూటంలో చక్రం సంగతి అడుగుతాను, చెప్పడానికి సిద్ధంగా ఉండు" అన్నాడు.

చక్రం వ్యానులో పంపుతున్నాను. నేను ప్రతి వారం చూశాను. ఒక్క స్పోకు కూడా వదులు కానివ్వలేదు. రిమ్ము సరుకు మంచిది కాదని అనుకుంటున్నాను. విప్పి చూసి ఏమిటో రాయి. కూటంలో నేను చెప్పాలి.

సలోమా నీకు నమస్కారాలు చెప్పమంది.

మేలన్


మేపుల్ రిడ్జ్, ఒహాయో
సెప్టెంబరు నెలాఖరు

మేలన్ అన్నయ్యా,

సలోమా చెయ్యి కట్టులో ఉంది, ఈ ఉత్తరం విప్పేది మీరే. తనకు గట్టిగా చదివి వినిపించేదీ మీరే. అందుకని ముందు మీకే రాస్తున్నాను. పనిపాకలోకి వెళ్లి ఒకసారి ఒక్కరే చదవండి. తర్వాత తనకు చదవండి. ఒక్క ముక్క కూడా వదలొద్దు.

చక్రం వచ్చింది. రిమ్ము కడిగి వెలుతురులో పెట్టి చూశాను. సరుకులో లోపం లేదు. రంధ్రాల చుట్టూ చీలికలున్నాయి. కొన్ని పాతవి, వాటి లోపల బురద గట్టిపడి ఉంది. అంటే పడకముందు చాలా రోజుల నుంచే ఉన్నాయి. వరసగా కొన్ని స్పోకులు రిమ్ములోంచి ఊడి వచ్చాయి, తెగలేదు. మిగిలినవాటిని మీటి చూశాను. అంత బిగువు నేనెన్నడూ వినలేదు. రాయి తగలగానే చక్రం మడతపడింది. రాయి తగలకపోయినా ఇంకో వారానికి మడతపడేదే.

అది బిగించిన చేతి వల్ల జరిగింది, అన్నయ్యా. మీ చేతి వల్ల.

ఈ మాట రాయడానికి మూడు రోజులు కూర్చున్నాను. అట్లీ అన్నాడు, "రిమ్ము బాగాలేదని రాసెయ్యవే, ఎవరికి నష్టం? ఆ మనిషి బతకాలి కదా." రాశాను కూడా. కవరులో పెట్టాను. పెట్టాక ఆలోచించాను. రిమ్ము బాగాలేదని మీరు కూటంలో చెబితే, ఈ సైకిళ్లన్నీ ఇంతే, నమ్మడానికి లేదని మీవాళ్లు తోసేస్తారు. అప్పుడు వచ్చే చలికాలం సలోమా మళ్లీ గుర్రం వెనక మంచు మీద వెళుతుంది. ఇంకో ఇంట్లో ఇంకో ఆడది కాళ్ల వైపు నుంచి వచ్చే బిడ్డతో ఎదురు చూస్తుంది. ఆ ఉత్తరం పొయ్యిలో వేశాను.

సలోమా ముందే చేరి ఉంటే ఆ బిడ్డ బతికేవాడా? నాకు తెలియదు. సలోమాకూ తెలియదు. కాళ్లతో వచ్చిన బిడ్డలు చాలామంది ఆమె చేతుల్లో బతికారు, కొందరు పోయారు. అది ప్రభువుకే వదులుదాం. చక్రం సంగతి మాత్రం ఆయన మీద వెయ్యలేం.

మీరు నిర్లక్ష్యం చెయ్యలేదు. ప్రతి వారం ప్రేమతో బిగించారు, నాకు తెలుసు. జూలైలో అంత వివరంగా రాసినా ఎందుకు వినలేదో, అదొక్కటే నాకు అర్థం కావడం లేదు. వ్యాను ఎక్కి నేనే రావలసింది. కాగితం పంపి ఊరుకున్నాను.

మీ చెల్లెలి వరస
లొవీనా


హికరీ హాలో
అక్టోబరు నెల

లొవీనాకు,

ఒక్కణ్ణే చదివాను. తర్వాత ఆమెకు చదివాను. ఏదీ వదల్లేదు.

జూలై మాట దగ్గర సలోమా ఏడ్చింది. ఆ ఉత్తరంలో బగ్గీ చక్రం, సైకిలు చక్రం తేడా రాసిన భాగమంతా తను చదవకుండా దాటేసిందట. నా మనసు కష్టపడుతుందని. గీతలున్నాయేమో చూడమన్నావట, చూడలేదట. నేనన్నాను, "నువ్వు చదివినా నేను మానేవాణ్ణి కాదు."

ఎందుకో నీకూ రాస్తాను. నాకు చెవులు పోయాయి. పూర్తిగా కాదు. మగవాళ్ల మాట వినిపిస్తుంది. సన్నటి చప్పుళ్లు వినిపించవు. ఇనుప పట్టాలు కొట్టీ కొట్టీ ఎప్పుడు పోయాయో తెలియదు. పిచుకలు అరవడం మానేశాయని అనుకునేవాణ్ణి. నీ మొదటి ఉత్తరంలో మీటి వినమన్నావు. మీటాను. నాకేమీ వినిపించలేదు. చెవిటివాడి చేతిలో చక్రం పెట్టామని బిషప్ అనుకుంటాడని ఎవరికీ చెప్పలేదు. నా చేతికి తెలిసినంతవరకు, గట్టిగా ఉంటే చక్రం మంచిది. అలాగే చేశాను.

నిన్న లీవై ఇంటికి నడిచి వెళ్లాను. ఉన్నదున్నట్టు చెప్పాను. అతను విన్నాడు. "క్షమించాను, మేలన్" అన్నాడు. మాలో ఎవరైనా అదే అంటారు, అనాలి. చెప్పిన వెంటనే కొట్టంలోకి వెళ్లిపోయాడు. చాలాసేపు బయట నిలబడ్డాను. రాలేదు. ఆడా కిటికీ దగ్గరికి వచ్చి నన్ను చూసి పరదా వేసుకుంది.

కూటంలోనూ చెబుతాను. ఆ తర్వాత సైకిలు ఉంటుందో పోతుందో నాకు తెలియదు. ఉంటే దాన్ని ఇంకెవరైనా చూడాలి. చెవి లేనివాడు చక్రం చూసుకోవడానికి ఏదైనా మార్గం ఉందా అని సలోమా అడగమంటోంది. నేను అడగలేదు.

మేలన్


మేపుల్ రిడ్జ్, ఒహాయో
అక్టోబరు నెల

మేలన్ అన్నయ్యా,

మార్గం ఉంది. స్పోకును పట్టుకుని ఎంత బిగువుందో ముల్లు మీద చూపించే చిన్న పనిముట్టు ఒకటుంది. మా దగ్గర పని నేర్చుకునేవాళ్లు దాంతోనే మొదలుపెడతారు. పంపుతున్నాను. ముల్లు ఎక్కడ ఆగాలో ఎర్ర రంగు పూశాను. దాన్ని దాటనివ్వకండి.

కొత్త వెనక చక్రం కూడా కట్టాను. కూటం ఏమన్నా సరే, అది సలోమాది. వాడకపోతే మీ పాకలో గోడకు వేలాడనివ్వండి.

వెళ్లి చెప్పారు చూశారా, అది చాలామంది చెయ్యరు. ఇది మీరొక్కరే చదవడానికి రాశాను. గట్టిగా చదవనక్కర్లేదు.

లొవీనా


హికరీ హాలో
నవంబరు నెల

లొవీనా,

కట్టు తీసేశారు. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి, అయినా నేనే రాస్తానని పంతం పట్టాను. నువ్వు చదివి తిట్టుకో.

ముందు నా సంగతి. జూలైలో ఆ ముక్కలు దాటేసినందుకు నన్ను నువ్వేమీ అనలేదు. అనాల్సింది. నేను ఆయన మొహంలో కళను కాపాడాననుకున్నాను. రోజూ ఎక్కే చక్రాన్ని తుడిచి చూడకపోవడానికి తీరిక లేకపోవడం కారణం కాదు. చూస్తే గీత కనిపిస్తుందేమోనని చూడలేదు. ఆ బిడ్డ పాదాలు నా చేతిలో ఇప్పటికీ ఉన్నాయి. కూటంలో నేనూ లేచి ఇదే చెప్పాను.

కూటం ఎలా జరిగిందో చెబుతాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఉపదేశం. తర్వాత బిషప్ కట్టుబాట్లు ఒక్కొక్కటే చదివాడు. సైకిలు దగ్గరికి వచ్చేసరికి మేలన్ లేచాడు. ఎవరూ పిలవకుండానే లేచాడు. ముందు చెవుల సంగతి చెప్పాడు, తర్వాత చేతుల సంగతి. "చక్రం మంచిదే. నేను పాడు చేశాను. నాకు తెలియని పని తెలుసనుకున్నాను" అన్నాడు. గొంతు ఎంత పెట్టాలో తెలియక గట్టిగా అన్నాడు. పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేశారు.

బిషప్ ఎనోస్ "ఇప్పుడు మాట అడుగుదాం" అన్నాడు. సంఘ పరిచారకులు ఇద్దరు బయలుదేరారు, ఒకరు మగవాళ్ల బల్లల వెంట, ఒకరు ఆడవాళ్ల బల్లల వెంట. ఒక్కొక్కరి దగ్గర వంగి అడుగుతారు, జవాబు చెవిలో చెబుతారు. ఎవరేమన్నారో పక్కవాళ్లకు కూడా వినిపించదు. నేను ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. లీవై కాదంటే నేనతన్ని ఏమనగలను? ప్రపంచంలో ఎవరికైనా కాదనే హక్కుంటే అతనికే ఉంది. బెస్ నాడాలు మార్పించాలని కూడా అనుకున్నాను.

పరిచారకుడు లీవై దగ్గరికి వచ్చి వంగాడు. లీవై చెవిలో చెప్పలేదు. లేచి నిలబడ్డాడు.

"మేలన్ మా ఇంటికొచ్చిన రోజు క్షమించానన్నాను. అది నోటిమాట. అనాలి గనక అన్నాను. ఆ తర్వాత రోజూ పాలు పితికేటప్పుడు ఆ మాటే మళ్లీ మళ్లీ అనుకున్నాను. కొన్ని రోజులు అబద్ధంగానే ఉంది. ఇప్పుడు కొంచెం నిజమైంది" అన్నాడు. అని బిషప్ వైపు తిరిగాడు. "మంత్రసానికి సైకిలు ఉండనివ్వండి. చక్రం మేలనే చూడాలి. ఇంకెవరూ వద్దు."

మేలన్‌కు వినిపించలేదేమోనని నేను భయపడ్డాను. వినిపించింది. మగవాడి గొంతు కదా.

అప్పటికి మా వైపు పరిచారకుడు ఆడా దగ్గర ఆగి ఉన్నాడు. ఆడా ఇంకా పాలిపోయి ఉంది. తను కూడా పైకే అంది, "ఆ రోజు ఆవిడ విరిగిన చేత్తో నడిచొచ్చింది. ఇంకొకరింటికి అలా నడిచి రానివ్వకండి." అంతే అంది. మిగిలినవాళ్లను అడగడం పూర్తయింది. కాదన్నవాళ్లు లేరు. ఆ తర్వాతి ఆదివారం అందరం ప్రభువు బల్ల దగ్గర కూర్చున్నాం. ఆ ఆరాధనలో ఇద్దరిద్దరుగా ఒకరి పాదాలొకరు కడిగేటప్పుడు మగవాళ్ల గదిలో లీవై, మేలన్ జంటయ్యారని తర్వాత తెలిసింది. ఎవరు ఎవరి దగ్గరికి ముందు వెళ్లారో ఆయన చెప్పలేదు, నేనడగలేదు.

కొత్త చక్రం ఎక్కించాం. నువ్వు పంపిన పనిముట్టుతో మేలన్ ప్రతి స్పోకూ చూస్తాడు. నీ ఎర్ర గీత దగ్గర ముల్లు ఆగిందో లేదో నన్నూ చూడమంటాడు. నేను ఇప్పుడు తుడిచి చూస్తున్నాను, ప్రతి రంధ్రం చుట్టూ. గీత కనబడుతుందేమోనని భయమే, అయినా చూస్తాను.

ఇంకొక సంగతి. కూటమైన తర్వాతి శనివారం మేము పాకలో ఉండగా లీవై తలుపు తోసుకుని వచ్చాడు. మా సంఘంలో కీర్తన ఎత్తేది అతనే. ఇరవై ఏళ్లు కూడా నిండకముందు నుంచే మొదటి స్వరం అతని చేతే ఎత్తిస్తున్నారు, అంత తిన్నని చెవి. టోపీ తీసి మేకుకు తగిలించాడు. పీట లాక్కుని చక్రం పక్కన కూర్చున్నాడు. ఆ ముల్లు చెప్పేది ముల్లు చెబుతుంది, నేను కూడా వింటానన్నాడు.

అప్పటి నుంచి ప్రతి శనివారం వస్తున్నాడు. ఒక్కో స్పోకూ మీటుతాడు, కళ్లు మూసుకుని వింటాడు. వదులుగా ఉన్నదాని దగ్గర వేలు పెట్టి చూపిస్తాడు. మేలన్ కీ తగిలించి, తన చెవికి బదులు అతని పెదాల వైపు చూస్తూ మెల్లగా తిప్పుతాడు. ఇద్దరూ వేరే మాటలు మాట్లాడుకోరు. లీవై "చాలు" అంటాడు. మేలన్ వెంటనే చెయ్యి తీసేస్తాడు.

నీ
సలోమా